నాలుగో ఏటికి కనిపించే ఆవు

దర్జీ దుకాణం మీది గది,
ఏప్రిల్ 6

అత్తా,

ముందు నువ్వు కూర్చో. కూర్చున్నావా? నాకు సీటొచ్చింది. ఒకటి కాదు, రెండు! రెండు వెటర్నరీ కాలేజీలూ ఒకే వారంలో ఉత్తరాలు పంపాయి. నాన్న కత్తెర పక్కన పెట్టేసి రెండూ రెండేసిసార్లు చదివాడు. కోటు కొలతలివ్వడానికొచ్చిన పెద్దమనిషి పాపం అంతసేపూ చేతులు చాపుకుని దిష్టిబొమ్మలా నిలబడే ఉన్నాడు.

ఫోన్ చెయ్యొచ్చుగా అనకు. నీకు ఫోన్ చేస్తే నేను "అత్తా" అనేలోపే ఎవరిదో ఆవుకి జ్వరమొస్తుంది. ఉత్తరమైతే మధ్యలో ఎవరూ దూరరు.

మొదటిది నువ్వు చదివిన పెద్ద కాలేజీ. రెండోది పాలకేంద్రం ఉన్న ఊళ్ళో పన్నెండేళ్ళ కింద పెట్టిన చిన్న కాలేజీ. పెద్దదాంట్లో మూడేళ్ళు చదువు, ప్రయోగశాల, నాలుగో ఏటినుంచి ఆసుపత్రి. చిన్నదాంట్లో మొదటి నెలనుంచే పొద్దున కొట్టంలో, మధ్యాహ్నం తరగతిలో.

నేను దాదాపు తేల్చుకున్నాను. పెద్దదే. లైబ్రరీ నాలుగంతస్తులట. మనిషికొక మైక్రోస్కోపట. ముందు హాల్లో గుర్రం అస్థిపంజరం ఉందట, పళ్ళతో సహా. బాగా చదివి, పునాది గట్టిగా వేసుకుని, ఆ తర్వాత జంతువుల్ని ముట్టుకుంటే వాటికీ మంచిదే కదా? నాన్నైతే "పేరున్న చోట చదివిన డాక్టరంటే సగం రోగం పేరు విని తగ్గిపోతుందే" అంటున్నాడు. అమ్మ ఎప్పట్లాగే నాన్న మాటకీ నా మాటకీ తలూపుతోంది.

జూన్ నెలాఖరులోపు ఏదో ఒకదానికి ఒప్పుకుంటూ రాయాలి. నువ్వూ పెద్దదే అంటావని తెలుసు. అయినా నీ నోటితో వినాలని.

నీ గోరింక

*

ఆసుపత్రి, మందుల గది,
ఏప్రిల్ 14

ఒసేయ్ గోరింకా,

కూర్చునే చదివాను. చదివాక లేచి గంతులేశాను. కట్టు మార్పించుకోవడానికొచ్చిన కుక్క నన్ను చూసి బల్ల కిందకి దూరింది. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు, బొటనవేలు పిల్లి కొరికింది. తప్పు పిల్లిది కాదు, నాది. తొందరపడ్డాను.

రెండు కాలేజీలు నిన్ను పిలిచాయంటే నాకు నేలమీద కాలు నిలవడం లేదు. కానీ ఒక మాట. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో లైబ్రరీ ఉంది, మైక్రోస్కోపుంది, పునాది ఉంది. ప్రాణమున్న జంతువు ఒక్కటీ లేదు. గుర్రం ఉందిగానీ, పాపం, దానికి ఎముకలే ఉన్నాయి.

ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు నాకు రాసిన ఉత్తరం ఇంకా ఉంది. కాలు విరిగిన పావురం గురించి పేజీన్నర. పరీక్ష తప్పిన సంగతి మూలన అర ముక్క. ఆ పిల్లే కదా ఇది రాసింది?

సెలవుల్లో మీ వీధి చివర పశువుల డాక్టరుగారి దగ్గరికి పనికెళ్తానన్నావు. ఆ ఊసే ఎత్తలేదేం? ఎలా ఉంది అక్కడ?

అన్నయ్యకి చెప్పు, పేరు విని తగ్గే రోగాలు మనుషులకే ఉంటాయి. ఆవులకి చదువు రాదు.

అత్త

*

ఏప్రిల్ 20

అత్తయ్యకు,

డాక్టరుగారికి తీరిక లేదు. రెండు రోజులు వెళ్ళాను, మూడో రోజునుంచి మానేశాను. చెప్పుకోడానికి అందులో ఏమీ లేదు.

నువ్వు అదే పెద్ద కాలేజీలో చదివి బంగారు పతకం తెచ్చుకున్నావు. నాన్న ఆ ఫోటో దుకాణంలో అద్దం పక్కనే పెట్టుకున్నాడు. నీకు పనికొచ్చిన కాలేజీ నాకెందుకు పనికిరాదో అర్థం కావడం లేదు.

ఇక్కడందరూ బాగానే ఉన్నారు.

*

ఆసుపత్రి,
ఏప్రిల్ 25

గోరింకా,

నువ్వు "అత్తయ్యకు" అని రాశావంటే ఏదో దాస్తున్నట్టు. కిందటిసారి అలా రాసింది నా స్టెతస్కోపు కాలవలో పారేసుకున్నప్పుడు. అప్పుడు తిట్టలేదు, ఇప్పుడూ తిట్టను. ఆ రెండో రోజు ఏం జరిగింది?

అత్త

*

దుకాణం మీది గది,
ఏప్రిల్ 30

అత్తా,

పడిపోయాను.

రెండో రోజు ఒక ఆవుని తీసుకొచ్చారు. దవడ కింద గుమ్మడికాయంత వాపు. డాక్టరుగారు "పగ్గం పట్టుకో, దూరంగా నిలబడు" అన్నారు. కత్తి పెట్టగానే చీము, నెత్తురు ఒక్కసారిగా బయటికొచ్చాయి. వాసన ముందొచ్చింది. తర్వాత చెవుల్లో తేనెటీగలు. తర్వాత నేను నేలమీద ఉన్నాను, తల బకెట్లో ఉంది. ఖాళీ బకెట్టే, అదొక్కటే అదృష్టం. ఆవు యజమాని నా మొహమ్మీద నీళ్ళు చల్లుతున్నాడు. డాక్టరుగారు అటు ఆవునీ వదల్లేక, ఇటు నన్నూ చూడలేక అరుస్తున్నారు. ఆ ఆవు మాత్రం కదలకుండా నిలబడి నన్నే చూస్తోందత్తా. దాని దవడ కోశారు, పడింది నేను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పట్నుంచీ "మా అమ్మాయి పశువుల డాక్టరవుతుంది, వాళ్ళత్తలాగా" అని నాన్న ప్రతి కోటుకీ గుండీతో పాటు ఆ మాట కూడా కుట్టి పంపాడు. ఇప్పుడెలా చెప్పను?

అందుకే పెద్ద కాలేజీ. అక్కడ మూడేళ్ళదాకా ఆవు కనిపించదు. ఈలోపు ధైర్యం వస్తుందేమో. రాకపోయినా మూడేళ్ళు గడుస్తాయి కదా.

నువ్వు నవ్వినా సరే. చెప్పేశాను.

గోరింక

*

ఆసుపత్రి మెట్లమీద,
మే 7

నా తల్లీ,

నవ్వలేదు. బకెట్టు దగ్గర మాత్రం కొంచెం.

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్తాను. మీ నాన్నకి కూడా తెలియనిది.

ఆ కాలేజీలో నేను మొదటి మూడేళ్ళూ ఎముకలు, సీసాలు, బొమ్మలు చదివాను. చాలా బాగా చదివాను. నాలుగో ఏడు ఒక ఆవు చుట్టూ ముప్పయ్యారుమందిమి. నేను పొట్టిదాన్ని కదా, మూడో వరసలో స్టూలెక్కి చూసేదాన్ని. ముట్టుకున్నది లెక్కపెట్టాలంటే చేతివేళ్ళు చాలు. పరీక్షలో ఆవు ఉండదు, కాగితం ఉంటుంది. కాగితంమీద నన్ను మించినవాళ్ళు లేరు. పతకం దానికే ఇచ్చారు.

ఉద్యోగంలో చేరిన రెండో వారం ఒక రైతు పరుగెత్తుకొచ్చాడు. తడి మేత మేసి ఆవు పొట్ట ఉబ్బిపోయింది, ఊపిరాడడం లేదు. ఎడమ డొక్కలో ఎక్కడ గుచ్చి గాలి వదలాలో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. బొమ్మ గీసి చూపించగలను. గుచ్చే మొనదేలిన గొట్టం చేతిలో ఉంది. చెయ్యి కదలలేదు. తోలు అంత మందంగా ఉంటుందని, వేలికింద అలా డప్పులా మోగుతుందని నాకు ఏ బొమ్మా చెప్పలేదు. ఇక్కడా, కాస్త పైనా అని తడుముకుంటూ ఉండగానే అది మోకాళ్ళమీద కూలబడింది. నేను గొట్టం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆ రైతు తిట్టలేదు. "పోనీలేమ్మా, చిన్నదానివి" అన్నాడు. తిట్టినా బాగుండేది.

వారం తిరక్కుండా బదిలీ అడిగాను. సర్టిఫికెట్ల ఆఫీసు. కుర్చీ, బల్ల, రబ్బరు ముద్ర. ఆరేళ్ళు. మీ నాన్నకి "ఆఫీసులో పెద్ద ఉద్యోగం ఇచ్చారన్నయ్యా" అని రాశాను. ఆయన ఆ ఉత్తరం దుకాణంలో వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాడట. నేను దాక్కున్నానని ఒక్కరికీ తెలియలేదు.

ముప్పయ్యేళ్ళు నిండాక, పక్క ఊరి డాక్టరమ్మ దగ్గరికెళ్ళి "నాకు పని నేర్పండి, నేను డాక్టర్నే" అన్నాను. ఆవిడ నా పతకం గురించి అడగలేదు. చీపురిచ్చింది. ఏడాదిన్నర ఆవిడ వెనక తిరిగాకే చేతులకి చదువొచ్చింది.

పెద్ద కాలేజీ చెడ్డదని అనడం లేదు. అక్కడ నేర్చుకున్న శరీరనిర్మాణం ఇవాళ్టికీ నా వేళ్ళ చివర ఉంది. కానీ దాక్కోడానికి వెళ్ళకు. భయం చెడ్డది కాదే, దాన్ని ఎప్పుడు కలుస్తామన్నదే లెక్క. పద్దెనిమిదేళ్ళకి కలిస్తే పక్కన ఎవరో ఒక పెద్దదిక్కు ఉంటారు. ఇరవైమూడేళ్ళకి, ఉద్యోగంలో, ఒంటరిగా కలిస్తే ఒక ఆవు చచ్చిపోతుంది.

మళ్ళీ డాక్టరుగారి దగ్గరికెళ్ళు. కడుపునిండా తిని వెళ్ళు. మోకాళ్ళు బిగించి నిలబడకు. చెవుల్లో తేనెటీగలు మొదలవగానే "నేను కూర్చుంటున్నాను" అని పైకి చెప్పి కూర్చో. కూర్చోవడం తప్పు కాదు, పడిపోవడం తప్పు. అప్పటికీ ఇది నా పని కాదనిపిస్తే, అదీ ఇప్పుడే తెలియడం మేలు. నేను నిన్ను ఒక్క మాట అనను, ఇంకొకళ్ళని అననివ్వను.

ఈ ఉత్తరం అన్నయ్యకి చూపించాలనిపిస్తే చూపించు. నాకు ఆ ధైర్యం ఇన్నేళ్ళూ రాలేదు.

అత్త

*

దుకాణం మీది గది,
మే 29

అత్తా,

చాలా ఉంది చెప్పడానికి, వరసగా చెప్తాను.

వెళ్ళాను. డాక్టరుగారు నన్ను చూసి ముందు బకెట్టు తీసి పక్కన పెట్టారు. తర్వాత నవ్వారు. "నేనూ పడ్డానమ్మా, మూడుసార్లు. చెప్పే టైమివ్వకుండా పారిపోయావు" అన్నారు. మూడు వారాలనుంచీ రోజూ వెళ్తున్నాను. కొట్టం కడుగుతాను, గడ్డి మారుస్తాను, పగ్గాలు పట్టుకుంటాను. రెండుసార్లు కూర్చున్నాను. ఒకసారి కుక్క చెవి కుడుతుంటే, ఒకసారి ఏమీ జరక్కుండానే. "నేను కూర్చుంటున్నానండీ" అంటే ఆయన తల కూడా తిప్పకుండా "కూర్చో" అంటారు. ఎంత తేలికో!

ఒక ముసలి కుక్కని శాశ్వతంగా నిద్రపుచ్చారు. యజమానురాలు తల నిమురుతుంటే నేను కాలు పట్టుకున్నాను. పట్టు వదల్లేదు. ఇంటికొచ్చాక ఏడ్చాను. అది పడిపోవడం కాదు కదా?

ఇప్పుడు అసలు సంగతి. మంగళవారం ఒకావిడ మేకపోతుని తెచ్చింది. ముక్కుతోంది, వీపు వంచుతోంది. "మలబద్ధకం, రెండు రోజులైంది" అందావిడ. డాక్టరుగారు లోపల ఒక దూడతో ఉన్నారు. మేకని వెనక కొట్టంలో కట్టేసి నేను మిగతా పనులు చూసుకుంటున్నాను. రెండు గంటలయ్యాక గడ్డి మార్చబోతే పెంటికలు పడున్నాయి. మలబద్ధకమైతే అవెలా వచ్చాయి? గడ్డి మాత్రం ఎండుగానే ఉంది. ఒక్క చుక్క తడి లేదు. నేను రోజూ తడిగడ్డి ఎత్తిపోసేదాన్ని కదత్తా, పొడిగా ఉంటే చేతికి తెలిసిపోతుంది.

లోపలికి పరుగెత్తి, "మేకకి మలబద్ధకం కాదండీ, ఒంటికి పోవడం లేదు" అన్నాను. డాక్టరుగారు దూడని వదిలేసి వచ్చారు. మూత్రనాళం చివర చిన్న రాయి అడ్డుపడిందట. ఇంకో పూట ఆగితే లోపల పగిలిపోయేదట. మేకని మనిషిలా కూర్చోబెట్టి వెనకనుంచి వాటేసుకోమన్నారు. కొమ్ములు నా గడ్డానికి తగులుతున్నాయి. మత్తు సూది వేసి, ఆ చివర పురితాడులాంటి ముక్క కత్తిరించారు. నెత్తురొచ్చింది. మోకాళ్ళు వదులుగా పెట్టుకున్నాను. చూశాను. కళ్ళు తిప్పుకోలేదు.

తర్వాత మొదలైంది ధార! నా బూట్లు, డాక్టరుగారి ప్యాంటు, గోడ. మేము ముగ్గురం కేకలేసి చప్పట్లు కొట్టాం. ఒంటికి పోసిందని అంత సంతోషించిన మనుషులు లోకంలో ఇంకెవరూ ఉండరేమో.

సరిగ్గా అప్పుడే నాన్న నా భోజనం డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ "ఈ అమ్మాయి మీ పిల్లేనా? నా మేకని బతికించింది" అంది. నాన్న నా బూట్లకేసి, నా మొహంకేసి చూసి, డబ్బా కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం చదివి వినిపించాను. మొత్తం. బకెట్టు సంగతి కూడా. మిషను ఆపేశాడు. సూదిలో దారం ఎక్కించబోయి మూడుసార్లు తప్పాడు. చివరికి "ఆరేళ్ళు ఒక్కతే మోసిందా?" అన్నాడు.  పతకం ఫోటో తీసేస్తాడేమో అనుకున్నాను. తీయలేదు. తుడిచాడు.

గోరింక

*

ఆసుపత్రి,
జూన్ 5

గోరింకా,

అన్నయ్య ఉత్తరం వచ్చింది. ఆయన ఇంతవరకూ నాకు రాసినవన్నీ రెండు వాక్యాలు దాటలేదు, ఇది రెండు పేజీలు. ఏం రాశాడో చెప్పను, అది మా అన్నాచెల్లెళ్ళ సంగతి. పొద్దున్నుంచీ ఆసుపత్రికి ఎవరొచ్చినా డాక్టరమ్మకి జలుబు చేసిందనుకుంటున్నారు.

పొడిగడ్డి చూసి రోగం పట్టావు. అది నాకు ఉద్యోగంలో చేరిన పదేళ్ళకి వచ్చిన కన్ను. నీకు మూడు వారాల్లో వచ్చింది, ఎందుకంటే రోజూ నువ్వే ఎత్తిపోశావు.

ఇప్పుడు కూడా ఏ కాలేజీయో నేను చెప్పను. నాకు పడిన దెబ్బ నీకు దారి చూపించాలిగానీ దారి మూసెయ్యకూడదు. రెండూ వెళ్ళి చూడు. అస్థిపంజరాలు చూడకు, పిల్లల్ని పట్టుకుని అడుగు. ఒక జంతువు చుట్టూ ఎంతమంది ఉంటారు? చెయ్యి పెట్టేదెవరు? తప్పు చేస్తే పక్కన ఉండేదెవరు? చిన్న కాలేజీవాళ్ళని ఇంకోటి అడుగు: రోజంతా కొట్టంలో ఉంటే పుస్తకం ఎప్పుడు తీస్తారు? జవాబు తడబడితే అదీ రాసుకో. చేతులొచ్చి చదువు రాకపోయినా ప్రమాదమే.

అన్నయ్యని వెంట తీసుకెళ్ళు.

అత్త

*

దుకాణం మీది గది,
జూన్ 19

అత్తా,

పెద్ద కాలేజీ నిజంగా గొప్పగా ఉంది. లైబ్రరీలో నిలబడితే గుండె నిండిపోయింది. శరీరనిర్మాణం మేష్టారు ఒక్క సుద్దముక్కతో ఆవు కాలు గీస్తే అది నడుస్తుందేమో అనిపించింది. నాలుగో ఏడు అమ్మాయిని నీ ప్రశ్నలు అడిగాను. ఒక జంతువుకి ఇరవైమంది. "చెయ్యి పెట్టేది మేష్టారు. మేం రాసుకుంటాం" అంది. బాధగా అనలేదు, అలవాటుగా అంది.

చిన్న కాలేజీలో లైబ్రరీ రెండు బీరువాలు. తరగతి గది రేకుల కప్పు. నాన్న మొహం మాడిపోయింది. కొట్టంలో మొదటి ఏడు కుర్రాడొకడు ఆవు తోకకింద థర్మామీటరు పెట్టి, పట్టుకోవడం మర్చిపోయి, కింద పడేసి పగలగొట్టాడు. పక్కనున్న మేడమ్ కోప్పడలేదు. "గాజుముక్కలన్నీ ఏరు. ఇంకోటి తీసుకో. ఈసారి తోకతో కలిపి పట్టుకో" అంది. వాడు చేశాడు. మూడు నిమిషాల్లో తప్పూ అయింది, దిద్దుబాటూ అయింది. పుస్తకాల సంగతి ఆ కుర్రాణ్ణే అడిగితే మొదట కాస్త నసిగి, "మధ్యాహ్నం నిద్రొస్తుందండీ, నిజమే. నిలబడి చదువుతాం" అన్నాడు.

నాన్న తాడుమీద ఆరేసిన పిల్లల పనిబట్టల దగ్గరికెళ్ళాడు. ఒక్కోటి పట్టుకుని వేళ్ళతో నలిపాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెప్పాడు: "అక్కడ తెల్లకోట్లు చూశానే. జేబులు అరిగాయి, పెన్నులు పెట్టీ పెట్టీ. ఇక్కడ మోకాళ్ళు, మోచేతులు అరిగాయి. కుడిచేతి మణికట్టు దగ్గర ప్రతిదానికీ అతుకు. బట్ట అబద్ధం చెప్పదు. నీకెక్కడ అరగాలనుందో నువ్వే చూసుకో."

 ఆ నాలుగంతస్తుల లైబ్రరీ వదులుకోవడం నాకు తేలిక కాలేదత్తా. అది కూడా నిజం. కానీ దాక్కోడానికి కాక, వెళ్ళాలని వెళ్ళే చోటు ఏదని నన్ను నేను అడిగితే జవాబు ఒక్కటే వచ్చింది.

చిన్న కాలేజీకి ఒప్పుకుంటూ ఇవాళే రాశాను. పోస్టులో నాన్నే వేశాడు.

గోరింక

*

ఆసుపత్రి,
జూన్ 26

గోరింకా,

మంచి పని చేశావు. పెద్ద కాలేజీకి వెళ్తానన్నా ఇదే మాట రాసేదాన్ని, కాకపోతే కాస్త పళ్ళు కొరుక్కుంటూ.

పార్సిల్లో నా శరీరనిర్మాణం నోటు పుస్తకాలు పంపుతున్నాను, ఆరూ. అంచుల్లో మా మేష్టార్లమీద జోకులుంటే నేను కాదు రాసింది. నిద్రొస్తే నిలబడి చదువు.

అత్త

*

విద్యార్థినుల వసతి, కొట్టం వైపు కిటికీ,
సెప్టెంబరు 11

అత్తా,

రాయడం ఆలస్యమైంది. పొద్దున పాలు, కొట్టం, తర్వాత తరగతి, తర్వాత నీ నోటు పుస్తకాలు. నీ జోకులు మా గదిలో అందరికీ కంఠతా వచ్చేశాయి. మొదటి పరీక్షలో నాకు తక్కువే వచ్చాయి, దాచను. రెండోదానికి రోజుకో గంట ఎక్కువ కూర్చుంటున్నాను. నాన్న నాలుగు జతల పనిబట్టలు కుట్టి పంపాడు. మోకాళ్ళ దగ్గర ముందే రెండు మడతలు వేశాడు.

ఇక్కడ మొదటి ఏడు ప్రతి ఒక్కరికీ ఒక ఆవుని అప్పగిస్తారు. దాని తిండి, తూకం, జ్వరం, కోపం అన్నీ మనమే రాయాలి. నాది గోధుమరంగుది, ఒక కన్ను చుట్టూ తెల్లగా ఉంటుంది. మొదటి వారం నన్ను రెండుసార్లు తన్నింది. మూడో వారం నా జేబులో రొట్టె ఉందని కనిపెట్టింది. ఇప్పుడు నా అడుగుల చప్పుడుకే తల తిప్పుతుంది.

నిన్న మేడమ్ నన్ను దాని కుడివైపుకి తీసుకెళ్ళింది. పొట్ట కింది భాగంలో పిడికిలి ఆనించమంది. "గట్టిగా లోపలికి నొక్కు. తీసెయ్యకు, అక్కడే ఉంచు. ఆగు" అంది. నొక్కాను. వెచ్చగా, బరువుగా ఉంది. చుట్టూ మా తరగతివాళ్ళు అయిదుగురు. ఏమీ లేదేమో అనుకున్నాను. అంతలో లోపల్నుంచి గట్టిగా, గుండ్రంగా ఏదో వచ్చి నా పిడికిలిని తట్టి మళ్ళీ జారిపోయింది.

నా మొహం ఎలా మారిందో తెలియదు. మేడమ్ "ఏమైంది?" అంది.

"లోపల ఎవరో ఉన్నారండీ" అన్నాను.

గోరింక